పట్టుచీరకు నప్పేది, బొగ్గుదుమ్మును ఆపేది: మహిళా ఫొటోగ్రాఫర్‌కు కెమెరా బ్యాగు

కెమెరా బ్యాగు కొనేచోట దుకాణదారు చెప్పేది లోపల ఎన్ని లెన్సులు పడతాయన్న లెక్క, కొనేవారు అడిగేది ధర. అసలు అడగవలసిన ప్రశ్న ఈ రెండింటి మధ్య తప్పిపోతుంది. ఆ బ్యాగును ఎవరు మోస్తారు, ఏ దుస్తుల మీద మోస్తారు, ఏ దారిలో, ఎన్ని గంటలు మోస్తారు అన్నదే ఆ ప్రశ్న. మహిళా ఫొటోగ్రాఫర్ విషయంలో దానికి వచ్చే సమాధానం పురుష ఫొటోగ్రాఫర్‌కు వచ్చే సమాధానంతో చాలాచోట్ల కలవదు. అలాగని గులాబీరంగు వేసి, పువ్వు కుట్టి, ‘లేడీస్ మోడల్’ అని చీటీ అంటిస్తే తీరిపోయే తేడా కూడా కాదది. భుజం వెడల్పు, నడుము పొడవు, పైట ఉండే వైపు, దుస్తులకు జేబులు లేకపోవడం, రాత్రివేళ ఒంటరిగా తిరిగి రావలసి రావడం వంటి ఎన్నో చిన్న విషయాలు కలిసి ఆ తేడాను నిర్ణయిస్తాయి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి సింగరేణి బొగ్గుసీమ అనువైన చోటు, ఎందుకంటే కెమెరాకు హాని చేసే పరిస్థితులన్నీ ఇక్కడ ఒకేచోట ఎదురవుతాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కార్యాలయ కేంద్రం. చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు, అంటే సొరంగాలు తవ్వకుండా పైమట్టిని పూర్తిగా తొలగించి బొగ్గు తీసే గనులు ఉన్నాయి. వాటి నుంచి బొగ్గు మోసే లారీలు తిరిగే దారుల్లో దుమ్ముకు కొదవ ఉండదు. దక్షిణాన గోదావరిఖని, రామగుండం ప్రాంతానిది కూడా ఇదే పరిస్థితి, అక్కడ దీనికి తోడు తాప విద్యుత్ కేంద్రం కూడా ఉంది. వేసవిలో ఈ సీమ అంతటా పగటి వేడి 45 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. జూన్‌లో వానలు మొదలవుతాయి. ఇటువంటి చోట పెళ్లిళ్లు, శ్రీమంతాలు, ఓణీల వేడుకలు, బతుకమ్మ ఆటలు ఫొటోలు తీయడానికి వచ్చే మహిళకు, ఏ మహానగరపు ఇంటర్‌నెట్ సమీక్షో మెచ్చుకున్న బ్యాగు పనికివస్తుందన్న నమ్మకం లేదు.

తెలుగునేల మీద మహిళ కెమెరా పట్టడం కొత్త సంగతి కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుల కంటపడకుండా ఫొటో తీయించుకోవడానికి ఏర్పడిన ఆ స్టూడియో నిర్వహణను కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఆనాటి కెమెరా చెక్కపెట్టె, దానిలో పెట్టేది గాజుపలక. రెండూ స్టూడియో గోడలు దాటనక్కరలేదు, ఫొటో కావలసినవారే కెమెరా దగ్గరికి వచ్చేవారు. కాబట్టి ఆ రోజుల్లో ఆ మహిళకు బ్యాగు అన్న సమస్యే లేదు. సామగ్రి భుజానికెక్కింది కెమెరా వీధిలోకి వచ్చిన తరువాతే. భారతదేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హోమై వ్యారావాలా 1940ల నుంచి ఢిల్లీలో చీరకట్టుతోనే, బరువైన పత్రికా కెమెరాలతో, చాలాకాలం సైకిలు మీద తిరిగి పనిచేశారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె మరుసటి ఏడాది మరణించారు. ఆమె తరానికి స్త్రీల కోసం కుట్టిన కెమెరా బ్యాగు అన్న ఊహ కూడా అందుబాటులో లేదు.

నేడు బజారులో కనిపించే బ్యాగుల వంశవృక్షం చూస్తే ఆ కొరతకు కారణం తెలుస్తుంది. లోవెప్రో సంస్థకు మూలపురుషుడైన గ్రెగ్ లోవ్ అమెరికా పర్వతారోహకుడు. డోమ్కీ బ్యాగును 1970లలో రూపొందించిన జిమ్ డోమ్కీ ఫిలడెల్ఫియా నగరంలో ఒక దినపత్రిక ఫొటోగ్రాఫర్. అప్పటి బిరుసు పెట్టెలతో విసిగి, ఒంటికి అతుక్కునే మెత్తటి కాన్వాసు సంచిని కుట్టించుకున్నాడు. ఇద్దరూ తమ పనికి, తమ ఒంటికి తగిన బ్యాగులు చేసుకున్నారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ కొలతలే దశాబ్దాలపాటు అందరి కొలతలుగా చలామణీ అయ్యాయి. 2010 ప్రాంతంలో అమెరికాలో కెల్లీ మూర్, ఎపిఫనీ, జో టోట్స్ వంటి పేర్లతో మహిళలే నడిపిన చిన్న సంస్థలు ముందుకు వచ్చి, చేతిసంచిలా కనిపిస్తూ లోపల మెత్తటి అరలుండే బ్యాగులను అమ్మాయి. కెమెరా బ్యాగు అంటే నల్లటి నైలాను డబ్బాయే కానక్కరలేదని చాటినందుకు వాటిని మెచ్చుకోవలసిందే. కాని వాటిలో పలు నమూనాలకు పైతొడుగు కృత్రిమ తోలు, ఆధారం ఒకే భుజపట్టీ. కృత్రిమ తోలు అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. వేడి, చెమట, తేమ కలిసిన వాతావరణంలో ఆ పూత పొరలు పొరలుగా ఊడిపోతుంది. గోదావరి ఎండల్లో అటువంటి బ్యాగు కొద్ది వేసవులకే అందం కోల్పోతుంది కనుక, చూపులకు ఎంత బాగున్నా ఈ సీమలో దానిని కొనకపోవడమే మేలు.

ఎంపికలో మొదట తేల్చుకోవలసింది బరువు. పెళ్లి ఫొటోగ్రాఫర్ సామగ్రిని ఒకసారి కూడి చూస్తే లెక్క స్పష్టమవుతుంది. లోపల అద్దం లేకుండా తయారయ్యే మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి బ్యాటరీతో కలిపి సుమారు 670 గ్రాములు ఉంటుంది, ముందుజాగ్రత్తగా తీసుకెళ్లే రెండో కెమెరాదీ అంతే బరువు. మండపంలో ఎక్కువగా వాడే 24–70 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 900 గ్రాములు, దూరం నుంచి తలంబ్రాల ఘట్టాన్ని పట్టే 70–200 లెన్సు కిలోకు పైమాటే. ఫ్లాష్ అరకిలో, అదనపు బ్యాటరీలు, ఛార్జరు, తీగలు మరో అరకిలో. అంతా కలిపి నాలుగు కిలోలు దాటింది, ఇంకా బ్యాగు బరువు కలపలేదు. మందపాటి నురుగు దిండ్లతో కుట్టిన పెద్ద బ్యాగులు ఖాళీగానే కిలోన్నర నుంచి రెండు కిలోలు తూగుతాయి. బడిపిల్లల సంచి వారి బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి కేంద్ర పాఠశాల సంచుల విధానం చెబుతుంది. పెద్దవారికి ఆ నియమం వర్తించకపోయినా, ముహూర్తం కోసం తెల్లవారుజామున ఎత్తిన బ్యాగును రాత్రి అప్పగింతల దాకా దింపే వీలులేనివారు దానిని కొలబద్దగా పెట్టుకోవడంలో తప్పులేదు. యాభై కిలోల మహిళకు ఆ హద్దు ఐదు కిలోలు. అంటే ఖాళీ బ్యాగు ఒక్క కిలో ఉన్నా ఆ హద్దు దాటిపోతుంది. అందుచేత దుకాణంలో ధర కంటే ముందు అడగవలసింది ఖాళీ బరువు; చీటీ మీద లేకపోతే తూకం వేయించుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

బరువు ఎంతన్నది ఒక ఎత్తు అయితే, అది ఒంటి మీద ఎక్కడ పడుతుందన్నది మరో ఎత్తు. వీపు బ్యాగు విషయంలో తల వంచినప్పుడు మెడ కింద పొడుచుకువచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు ఎత్తు వరకు ఉండే దూరాన్ని మొండెం పొడవు అంటారు. దీనిని కుట్టుపనికి వాడే టేపుతో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. సగటున స్త్రీలలో ఈ పొడవు పురుషులకంటే తక్కువ, భుజాల వెడల్పూ తక్కువే. అందువల్ల పొడవాటి బ్యాగు అడుగుభాగం తుంటిని దాటి పిరుదుల మీద కొట్టుకుంటూ ఉంటుంది, ఎడంగా కుట్టిన పట్టీలు భుజాల అంచుల నుంచి జారుతూ ఉంటాయి, జారినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుంటాయి. ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా వంపు తిరిగిన పట్టీలు ఛాతీని ఒత్తకుండా పక్కనుంచి సాగుతాయి. రెండు పట్టీలను ముందువైపు కలిపే అడ్డపట్టీని పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి. ఒకేచోట కుట్టేసిన అడ్డపట్టీ స్త్రీలకు సరిగ్గా ఉండకూడని చోటే పడుతుంది, ఊపిరికీ అడ్డం వస్తుంది. నడుముపట్టీ ఉంటే భారంలో ఎక్కువ పాలు భుజాల నుంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. ఎక్కువదూరం నడవవలసిన కవ్వాల్ అడవి దారుల్లో, జోడేఘాట్ కొండల్లో అది నిజంగా ఉపకారి.

అయితే ఆ నడుముపట్టీయే చీర కట్టుకున్నప్పుడు కుచ్చిళ్లను నలిపేస్తుంది. కెమెరా బ్యాగుల గురించి రాసే విదేశీ రచనలు సాధారణంగా పట్టించుకోని విషయమిది. తెలుగువారి సాధారణ చీరకట్టులో పైట ఎడమభుజం మీదికి వస్తుంది. బ్యాగు పట్టీని అలవాటుగా ఎడమభుజానికే తగిలిస్తే మడతపెట్టి పిన్ను గుచ్చిన పైట దాని కింద నలుగుతుంది, బ్యాగు దింపిన ప్రతిసారీ పిన్ను గుడ్డను లాగి చిరుగు పెడుతుంది. కుడిభుజానికి తగిలిస్తే రవిక నున్నదనానికి పట్టీ జారుతుంది. అడుగున రబ్బరు చారలు కుట్టిన పట్టీలు ఆ జారుడును చాలావరకు ఆపుతాయి. ఛాతీకి అడ్డంగా వేసుకునే స్లింగ్ బ్యాగు, అంటే ఒకే పట్టీతో ఒక భుజం నుంచి ఎదుటి తుంటి వరకు వేలాడే బ్యాగు, ఎటువైపు వేసినా పైట మడతలను ఎక్కడో ఒకచోట తాకక మానదు. వీపు బ్యాగుకు ఆ చిక్కు తక్కువే కాని, వెనుకకు వదిలిన కొంగు వీపుకూ బ్యాగుకూ మధ్య ఇరుక్కుంటుంది. కొంగును ముందుకు తిప్పి నడుములో దోపుకోవడమే దానికి మార్గం. పొలంలోనూ వంటింట్లోనూ పనిచేసే స్త్రీలు తరతరాలుగా చేస్తున్నది అదే.

పని రోజుల్లో చాలామంది చుడీదారో, కుర్తీ ప్యాంటో వేసుకుంటారు కనుక చీర సమస్య రోజూ ఉండేది కాదనే వాదనలో కొంత నిజముంది. అయితే చిన్న ఊళ్లలో ఫొటోగ్రాఫర్‌గా వచ్చిన అమ్మాయిని పెళ్లివారు వరస కలిపి పిలుస్తారు, బంధువుల ఇంటి పెళ్లి అయితే ఆమె నిజంగానే బంధువు. అప్పుడు పట్టుచీర తప్పదు. జరీ అంచుకు శత్రువు వెల్‌క్రో, అంటే చప్పుడుతో ఊడివచ్చే ముళ్లపట్టీ. అది జరీ పోగులను పట్టి లాగేస్తుంది, పైగా పురోహితుడు మంత్రం ఆపిన క్షణంలో తెరిస్తే మండపమంతా తిరిగి చూస్తుంది. మూతకు జిప్పు గాని, అయస్కాంతపు గుండీ గాని ఉన్న బ్యాగు అందుకే మేలు. అయస్కాంతం దగ్గరుంటే మెమరీ కార్డు చెడిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. ఆ కార్డులో సమాచారం అయస్కాంత రూపంలో ఉండదు కనుక ఆ భయం అనవసరం. నల్లటి అయస్కాంత చార ఉన్న బ్యాంకు కార్డును మాత్రం ఆ గుండీకి ఆనించి పెట్టకపోవడం మంచిది.

చుడీదారుకు వేరే లోపం ఉంది, అది జేబులేమి. పురుష ఫొటోగ్రాఫర్ ప్యాంటు జేబుల్లో కార్డులు, బ్యాటరీ, లెన్సు మూత, తుడిచే గుడ్డ, బండి తాళం సర్దేసుకుని, పెద్ద బ్యాగును ఒక మూల కుర్చీ కింద పెట్టి తిరుగుతాడు. జేబులు లేని దుస్తుల్లో ఉన్న మహిళకు ఆ సౌకర్యం లేదు కాబట్టి ప్రతి చిన్న వస్తువుకూ పెద్ద బ్యాగు దగ్గరికి పరిగెత్తవలసి వస్తుంది, లేకపోతే ఆ పెద్ద బ్యాగునే రోజంతా మోయవలసి వస్తుంది. దీనికి తెలివైన ఏర్పాటు రెండంచెలది. పెద్ద బ్యాగు తాళం వేసిన గదిలోనో, నమ్మకమైన పెద్దావిడ పక్కనో ఉండాలి. రెండు బ్యాటరీలు, నాలుగు కార్డులు, ఫోను, ఒక చిన్న లెన్సు పట్టే నడుము సంచి ఒంటి మీద ఉండాలి. మార్కెట్టులో వందల కొద్దీ నమూనాలున్నా, ఈ రెండో సంచి ఒక్కటీ సరిగ్గా కుదిరితే మొదటిదాని లోపాలు సగం క్షమించవచ్చు.

ఇక పెద్ద బ్యాగు లోపల కెమెరా అరలు ఎన్నున్నా, వాటితో సంబంధం లేని వేరే గది ఒకటి తప్పక ఉండాలి. శానిటరీ ప్యాడ్లు, మందుబిళ్లలు, పిన్నులు, ఒక జత దుస్తులు, టిఫిన్ డబ్బా అందులో పెట్టుకోవాలి. ఫంక్షన్ హాళ్లలో పనివాళ్లకు విడిగా గది దొరకడం అరుదు, పెళ్లింటివారి గదిలో తలదాచుకోవడం ఎప్పుడూ వీలుపడదు. అసిస్టెంటు కుర్రాడు ఫ్లాష్ బ్యాటరీ తీయడానికి బ్యాగు తెరిచినప్పుడు ఈ సొంత వస్తువులు బయటపడకూడదు కనుక ఆ గదికి విడి జిప్పు ఉండాలి. నీళ్ల సీసా మాత్రం లోపల ఎక్కడా కాదు, బయటి జేబులోనే ఉండాలి.

ప్రయాణం సంగతి చూస్తే, తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. పని కోసం గోలేటి నుంచి ఆసిఫాబాదుకో, బెల్లంపల్లికో, మంచిర్యాలకో పోయే ఫొటోగ్రాఫర్‌కు ఇది నేరుగా మిగిలే డబ్బు. అదే సమయంలో బస్సులు కిటకిటలాడుతున్నాయి. నిలబడి ప్రయాణించేటప్పుడు వీపు మీది బ్యాగులో ఎవరి చెయ్యి పడుతుందో తెలియదు కనుక, వీపుకు ఆనే పలక వైపే తెరుచుకునే బ్యాగు ఇక్కడ ఎంతో నయం. ఒంటి మీద ఉన్నంతసేపు దాని జిప్పు ఎవరికీ అందదు. దీనికి మరో లాభం కూడా ఉంది. కింద పెట్టి తెరిచినప్పుడు బ్యాగు బయటిముఖం నేలను తాకుతుంది, పట్టీలు పైకి ఉంటాయి. కాబట్టి అంటిన బురదా దుమ్మూ తిరిగి దుస్తులకు అంటవు. దించకుండా కెమెరా తీయలేకపోవడం దాని లోపం. నడుము సంచి ఉన్నవారికి అది పెద్ద లోపం కాదు. స్కూటీ మీద పోయేవారు స్లింగ్ బ్యాగును వాడితే, వంగినప్పుడు అది ముందుకు జారి హ్యాండిలుకు అడ్డం వస్తుంది. రెండో చిన్న పట్టీతో నడుముకు బిగించే ఏర్పాటు లేని స్లింగ్‌ను బండి మీదికి ఎక్కించకూడదు. చున్నీని, వేలాడే పట్టీల కొసలను చక్రానికి అందకుండా దోపుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. బరాత్ ముగిసి అర్ధరాత్రి తిరిగివచ్చే దారిలో, వెనుకనుంచి వచ్చే లారీ వెలుగుకు మెరిసే పట్టీ బ్యాగు మీద కుట్టి ఉండటం ఏ అలంకారం కంటే విలువైనది.

బొగ్గుసీమకు ప్రత్యేకమైన సమస్య దుమ్ము. లారీల దారి పక్క, బొగ్గును పగలగొట్టి రైలు పెట్టెలకెక్కించే సీహెచ్‌పీల చుట్టుపక్కల, గాలిలో తేలే నల్లటి మెత్తని పొడి బ్యాగు జిప్పు పళ్లలోకి, అక్కడి నుంచి లోపలి అరల మూలల్లోకి చేరుతుంది. లెన్సు మార్చే కొద్ది సెకన్లలో ఆ పొడి సెన్సరు మీద, అంటే కాంతిని చిత్రంగా మార్చే పలక మీద వాలితే, ఆ తరువాతి ప్రతి ఫొటోలో తెల్లటి పెళ్లిపందిరి మీద మచ్చ కనిపిస్తుంది. మచ్చలు తుడవడానికి కంప్యూటరు ముందు గడిపే గంటలకు ఎవరూ డబ్బివ్వరు. దీనికి మొదటి మందు బ్యాగు లోపలి రంగు. నల్లటి అస్తరున్న బ్యాగులో బొగ్గుపొడి కనిపించదు, నల్లటి లెన్సు మూత కూడా కనిపించదు. లేత బూడిదరంగు గాని నారింజరంగు గాని అస్తరు ఉంటే రెండూ ఇట్టే కంటపడతాయి. రెండోది అరలు విడదీయగలిగి ఉండటం. వారానికొకసారి అరలన్నీ పీకి, బ్యాగును తలకిందులుగా దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. మూడోది జిప్పు. గుడ్డ గట్టిదైనా జిప్పు చెడితే బ్యాగు పనైపోయినట్టే. జపాను సంస్థ వైకేకే జిప్పులకు ప్రపంచమంతటా ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు, కాని దుమ్ములో తిరిగే జిప్పు పళ్లను పాత టూత్‌బ్రష్షుతో అప్పుడప్పుడు దులపకపోతే ఏ పేరూ కాపాడదు. పెళ్లిలో దుమ్ముకు తోడు అక్షింతలు, పసుపు, కుంకుమ, హోమం పొగ, ఈమధ్య కాగితపు పూలు చల్లే గొట్టాలు కూడా చేరాయి. మూత తెరిచిపెట్టిన బ్యాగు నుంచి సాయంత్రానికి గుప్పెడు తలంబ్రాలు రాలడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే.

గుడ్డ నాణ్యతను డెనియర్ అనే కొలతతో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సంఖ్య పెరిగినకొద్దీ దారం లావవుతుంది, గుడ్డ రాపిడికి ఓర్చుకుంటుంది, బరువూ పెరుగుతుంది. రోజువారీ పనికి వెయ్యి డెనియర్ల మొరటు నైలాను అవసరం లేదు, అందులో సగమున్నా చాలు. ఆ మేరకు భుజాలకు బరువు తగ్గుతుంది. వాన విషయంలో రెండు మాటల మధ్య తేడా తెలిసి ఉండాలి. నీటిని అడ్డుకునే గుడ్డ చినుకులను కొంతసేపు ఆపుతుంది, నీరు చొరని బ్యాగు అతుకుల దగ్గర కూడా తడవదు. అమ్మకానికి ఉన్న బ్యాగుల్లో దాదాపు అన్నీ మొదటిరకమే కనుక అడుగున దాగి ఉండే వాన తొడుగు తప్పనిసరి. తడిసిన తొడుగును మడిచి మళ్లీ ఆ జేబులోనే దాచేవారు, ఆ తేమను స్వయంగా బ్యాగులోకి ఆహ్వానించినట్టే. తోలు, మైనం పట్టించిన కాన్వాసు చూపులకు హుందాగా ఉంటాయి. వానాకాలంలో తోలుకు బూజు, వేసవిలో మైనానికి జిడ్డు పడతాయి. శీతాకాలపు ముహూర్తాలకు మాత్రమే అవి పనికొస్తాయంటే అతిశయోక్తి కాదు.

వేడి సంగతికి వస్తే, చాలా కెమెరాల చేతిపుస్తకాలు వాటి పనికి తగిన ఉష్ణోగ్రతను సున్నా నుంచి 40 డిగ్రీలుగా పేర్కొంటాయి. మే నెలలో ఇక్కడి నీడలోనే ఆ హద్దు దాటుతుంది. ఎండలో ఆపిన కారులో వదిలిన నల్లబ్యాగు లోపల ఎంత ఉంటుందో ఊహించవచ్చు. లేతరంగు బ్యాగు ఎండను కొంత తిప్పికొడుతుంది, కాని బొగ్గుదుమ్ము దాని మీద వెంటనే కనిపిస్తుంది. ఇసుకరంగు, పాచిరంగు, బూడిదరంగు ఈ రెంటికీ మధ్యేమార్గం.

తెలుగువారి ముహూర్తాలకూ కెమెరా బూజుకూ ఉన్న సంబంధం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, భాద్రపదంలోనూ ఉండవు, నడుమ మూఢాలు వస్తే మరికొన్ని వారాలు ఖాళీ. వానలు ముదిరే ఆ నెలల్లోనే సామగ్రి బ్యాగులో, బ్యాగు బీరువాలో మూతపడి ఉంటుంది. అరల్లోని నురుగు తేమను పట్టి ఉంచుతుంది, చీకటి తోడవుతుంది, గాలి ఆడదు. లెన్సు గాజు మీద సాలెగూడులాంటి బూజు పెరగడానికి ఇంతకంటే అనుకూలమైన చోటు లేదు. ఒకసారి పెరిగిన బూజు గాజు పూతను కొరికేస్తే బాగుచేయించినా పూర్వపు స్పష్టత రాకపోవచ్చు. బ్యాగు ప్రయాణానికే గాని నిల్వకు కాదు. పనిలేని నెలల్లో కెమెరాను, లెన్సులను బయటికి తీసి, గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, అంటే తేమను పీల్చే గుళికలతో ఉంచాలి. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉందో లేదో చూపే చిన్న మీటరు ఖరీదు, ఒక లెన్సు శుభ్రం చేయించే ఖర్చులో కొంత భాగమే.

ఇంతవరకు చెప్పినదంతా ఉపయోగం గురించి అయితే, అందం ఎక్కడ అన్న ప్రశ్న సహజం. నిజానికి ఈ వృత్తిలో అందం కూడా ఒక ఉపయోగమే. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ అందరి కళ్ల ముందు తిరిగే మనిషి, ఆమె భుజాన ఉన్నది వీడియోలో కూడా పడుతుంది. చిరిగిన పట్టీలు, సంస్థ పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న నల్లడబ్బా కంటే, రంగు కుదిరిన సాదా బ్యాగు పని ఇచ్చేవారికి నమ్మకం కలిగిస్తుంది. కెమెరా బ్యాగులా కనిపించని బ్యాగు దొంగ కంట కూడా పడదు. రైలులో, బస్టాండులో అది కనిపించని తాళం. అందుచేత మంచి శైలి అంటే మెరుపు కాదు, ఎక్కడికి పోతే అక్కడ ఇమిడిపోవడం. పెద్ద పేర్లు, బంగారురంగు కొక్కేలు, వేలాడే కుచ్చులు పనికి అడ్డమే. సొంత ముద్ర కావాలనుకునేవారు కెమెరా మెడపట్టీని పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో కుట్టించుకోవచ్చు, అది చౌక, ఉతకడానికి వీలు, మెడకూ మెత్తన.

గనుల సీమలో ఉన్నంత మాత్రాన గనిని ఫొటో తీయవచ్చని అనుకోకూడదు. ఓపెన్‌కాస్టు ఆవరణలోకి యాజమాన్యం అనుమతి లేనిదే కెమెరాతో వెళ్లరాదు. భూగర్భ గనుల్లో మండే వాయువుల ప్రమాదం ఉంటుంది కనుక, నిప్పురవ్వ పుట్టించదని ఆమోదం పొందని బ్యాటరీ పరికరాన్ని లోపలికి తీసుకెళ్లడం భద్రతకే విరుద్ధం. 2019లో కేంద్రం భూగర్భంలో పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మహిళలను అనుమతించింది. ముందుముందు గని లోపల మహిళల పనిని చిత్రించే అవకాశం అనుమతితో దక్కినా, బ్యాగు మాత్రం పైనే ఆగిపోతుంది.

ధరల విషయానికి వస్తే, బజారులో రెండు మూడు వేల రూపాయల నుంచి ఇరవై వేలు దాటే బ్యాగుల దాకా ఉన్నాయి. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి ఖరీదైనది అవసరం లేదు, మరో దారి ఉంది. అదే ఇన్సర్టు, అంటే అరలతో కూడిన మెత్తటి పెట్టె మాత్రమే. దానిని ఇప్పటికే ఒంటికి అలవాటైన ఏ గట్టి బ్యాగులోనైనా దించుకోవచ్చు. గుల్ల చిన్నగా, మూసుకుపోయి ఉండే గట్టి నురుగుపలకను సామగ్రి కొలతలకు కోసి, రెండువైపులా లేతరంగు గుడ్డ వేసి కుట్టడం జాకెట్టు కుట్టగలిగిన దర్జీకి కష్టం కాదు. నీరు పీల్చే స్పాంజి, చింపిన దిండులోని దూది ఈ పనికి పనికిరావు. ఇలా కుట్టించినదానికి ఖాళీ బరువు తక్కువ, ఉతకవచ్చు, ఒక అర పాడైతే అదొక్కటే మార్చవచ్చు.

సింగరేణి సేవా సమితి బొగ్గుగనుల ప్రాంతాల్లో కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టుపనిలో శిక్షణ ఇస్తున్నది. ఆ తరగతుల్లో జాకెట్టు, చుడీదారు సరసన కెమెరా ఇన్సర్టును, నడుము సంచిని కూడా పాఠంగా చేర్చడం నిర్వాహకులు ఆలోచించదగిన విషయం. కొనేవారు ఉన్నారు, కొలతలు ఇవ్వగల ఫొటోగ్రాఫర్లు అదే కాలనీల్లో ఉన్నారు, కుట్టే చేతులూ అక్కడే ఉన్నాయి.